సేవ్యుడు సాధనం కారాదు

సేవ అనే పేరు వినబడగానే విచారణను పక్కన పెట్టడం మనకు అలవాటైపోయింది. దేవునికి సమర్పించే పుష్పాన్ని వాసన చూడరాదన్నట్లే, సేవను కూడా పరీక్షించరాదని భావిస్తాము. కానీ మన శాస్త్రం దానానికే దేశ, కాల, పాత్ర నియమాలను విధించింది. అట్టి స్థితిలో సేవకు మాత్రం మినహాయింపు ఎట్లా కలుగుతుంది?

సంపన్న దేశాల నుండి కాథలిక్ యువతీయువకులు రెండు మూడు వారాల సేవాయాత్రలకు బయలుదేరుతారు. పరదేశంలోని రోగులకు, వృద్ధులకు, అనాథ శిశువులకు పరిచర్య చేసి తిరిగి వెళ్తారు. ఈ యాత్రల విషయంలో మనవారిలో రెండే అభిప్రాయాలు వినబడుతున్నాయి. వీరు త్యాగమూర్తులన్నది ఒకటి. ఇదంతా మతాంతరీకరణకు ముసుగన్నది రెండవది. స్తుతించేవారు సేవకుని హృదయాన్ని చూస్తారు. నిందించేవారు అతని ఉద్దేశాన్ని చూస్తారు. మంచంపై పడి ఉన్న మనిషిని ఇరువురూ చూడరు. మతం మార్చే ఉద్దేశం లేశమాత్రం లేకపోయినా, హృదయం నిర్మలమే అయినా, ఈ యాత్రలలో ఒక మౌలిక దోషం మిగిలే ఉంటుందని నా వాదం. ఆ దోషం ఏమనగా, సేవింపబడేవాడు సేవకుని ఆత్మోన్నతికి ఉపకరణంగా మారడం.

ఈ మాటను గట్టిగా పలికినవాడు హిందువు కాదు, నాస్తికుడూ కాదు, కాథలిక్ మతాచార్యుడే. వియన్నాలో జన్మించిన ఇవాన్ ఇలిచ్ న్యూయార్కులో ప్యూర్టోరికో వలసజనుల మధ్య మతాచార్యుడుగా పనిచేశాడు. పిమ్మట మెక్సికోలోని క్వెర్నవాకాలో విద్యాకేంద్రాన్ని స్థాపించాడు. ప్రతి వేసవిలో మెక్సికో గ్రామాలకు సేవకై వెళ్ళే ఉత్తర అమెరికా విద్యార్థుల సంఘాన్ని ఉద్దేశించి 1968 ఏప్రిల్ 20న ఆయన ప్రసంగించాడు. ప్రశంసను ఆశించి కూర్చున్నవారి ముఖాననే, మీరు వెళ్ళవద్దని చెప్పాడు. గ్రామీణుల భాష రానివారు, వారి దృష్టిలో తామేమిటో తెలియనివారు మేలు చేస్తామని బయలుదేరడం ఒక విధమైన దౌర్జన్యమేనని ఆయన అభియోగం. చూడడానికి రండి, నేర్చుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రాకండి అన్నది ఆయన ఉపదేశ సారాంశం. పేదలతో పని చేయాలన్న తపన ఉంటే స్వదేశంలోనే చేయమన్నాడు; అక్కడి పేదవాడికి, నీ సాయం నాకు అక్కరలేదని నీ భాషలోనే చెప్పగల శక్తి ఉంటుంది గనుక.

తిరస్కరించగల శక్తి గ్రహీతకు ఉన్నదా లేదా అన్నదే ఇక్కడ నిర్ణాయకమైన ప్రశ్న. కాదనలేనివానికి చేసే ఉపకారంలో వాని సమ్మతికి స్థానం లేదు. భాష తెలియని పక్షవాతరోగి, మాటలు రాని శిశువు, స్మృతి తప్పిన వృద్ధురాలు, వీరిలో ఎవరు కాదనగలరు? సేవాయాత్రలు ప్రధానంగా వీరినే వెదకుకుంటూ రావడం గమనింపదగినది.

ఇక పూర్వపక్షాలను పరిశీలిద్దాము.

మొదటి ఆక్షేపం: ఏ చేయీ లేనిచోట నైపుణ్యం లేని చేయి అయినా మేలు కదా? దీనికి కలకత్తా నగరమే సమాధానం చెప్పగలదు. 1952లో కాళీఘాట్ ఆలయం చెంతనున్న ధర్మశాలలో మదర్ తెరెసా నిర్మల్ హృదయ్ అనే మరణాసన్నుల నిలయాన్ని ప్రారంభించింది. నాటి నుండి ఎందరో విదేశీయులు స్వంత ఖర్చులతో వచ్చి అక్కడ బట్టలుతికారు, అన్నం తినిపించారు, పుండ్లు కడిగారు. వీధిలో పడి ఉన్నవానికి నీడనిచ్చిన ఆ ఇంటిని నేను తక్కువ చేయడం లేదు. కానీ 1994లో లాన్సెట్ వైద్యపత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ ఆ నిలయాన్ని దర్శించి వ్రాసిన వ్యాసాన్ని విస్మరించరాదు. అక్కడి శుభ్రతను, వ్రణాల పరిచర్యను, ప్రేమను ఆయన మెచ్చుకున్నాడు. తీవ్రవేదనను శమింపజేసే ఔషధాలు లేవనీ, నయమయ్యే రోగిని నయం కాని రోగి నుండి వేరుచేసే క్రమబద్ధమైన నిదానం లేదనీ ఆక్షేపించాడు. వైద్యులు అప్పుడప్పుడు మాత్రమే వచ్చేచోట సోదరీమణులు, స్వచ్ఛంద సేవకులే నిర్ణయాలు తీసుకోవలసి వచ్చేది. ప్రేమకు అక్కడ కొదువ లేదు, కొదువైనది విద్య. నొప్పితో మెలికలు తిరిగేవానికి చేయి పట్టుకునేవాడు అవసరమే, కానీ ఆ నొప్పి తగ్గించగలవాడు అంతకంటే అవసరం.

శిశువుల విషయం ఇంకా సూక్ష్మమైనది. రెండు వారాలు ఒడిలో కూర్చోబెట్టుకొని లాలించిన వ్యక్తి మూడవ వారంలో అదృశ్యమవుతాడు, మరొకడు వస్తాడు, వాడూ అదృశ్యమవుతాడు. ప్రతి ఆగమనం యాత్రికునికి మధురానుభూతి, ప్రతి నిష్క్రమణం శిశువుకు ఒక వియోగం. పైగా ప్రపంచంలోని అనాథాశ్రమాలలో ఉన్న పిల్లలలో అధికులకు తల్లిదండ్రులలో ఒక్కరైనా సజీవులే. వారిని అక్కడికి చేర్చినది మరణం కాదు, దారిద్ర్యం. సందర్శకులు తెచ్చే ధనం ఆశ్రమానికి చేరితే ఆశ్రమం నిండుతుంది. అదే ధనం తల్లికి చేరితే బిడ్డ ఇంటనే ఉంటాడు. ఈ హానిని గుర్తించి 2019లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ, అనాథాశ్రమాలలో పర్యాటక సేవాకార్యక్రమాల వలన కలిగే కీడును నివారించమని తన తీర్మానంలో సభ్యదేశాలను కోరింది.

రెండవ ఆక్షేపం బలమైనది. అది మన ఇంటినుండే వస్తుంది. సేవ వలన చిత్తశుద్ధి కలుగుతుందని వేదాంతులే అంగీకరించారు కదా? ఉపకారం పొందినవాని కంటే ఉపకారం చేసినవాడే అధిక లాభం పొందుతాడని, కనుక దాతయే గ్రహీతకు కృతజ్ఞుడై ఉండాలని వివేకానందస్వామి కర్మయోగ ప్రసంగాలలో బోధించాడు కదా? మరి యాత్రికుడు తాను మారిపోయానని చెప్పుకుంటే తప్పేమిటి?

సమాధానం: స్వామి చెప్పినది కృతజ్ఞత. కృతజ్ఞత అంటే ఋణం. ఋణగ్రస్తుడు షరతులు నిర్ణయించడు. ఎప్పుడు రావాలో, ఎంతకాలం ఉండాలో, ఏ పని చేయాలో ఋణదాత చెప్పవలసి ఉంటుంది. సేవాయాత్రలో ఇవన్నీ యాత్రికుని సెలవుదినాలను, విమానపు టిక్కెట్టును అనుసరించి నిర్ణయమవుతున్నాయి. చిత్తశుద్ధి కర్మకు ఫలంగా తనంత తాను రావచ్చు. దానినే ఉద్దేశించి రోగి చెంతకు వెళ్తే అది ఫలాపేక్షయే. గీత పదునేడవ అధ్యాయం ఫలాన్ని ఉద్దేశించిన దానాన్ని రాజసమని వర్గీకరించింది. ఆ ఫలం ధనమైనా, కీర్తియైనా, ఆధ్యాత్మికానుభవమైనా వర్గీకరణ మారదు. తైత్తిరీయంలోని శిక్షావల్లి మరొక అడుగు ముందుకు వేసి, దాతకు శ్రద్ధ ఒక్కటే చాలదని, సిగ్గు, భయం, వివేకం కూడా ఉండాలని బోధించింది. పాత్రతను గ్రహీతయందు పరీక్షించడం మనకు తెలుసు. ఉపనిషత్తు దానిని దాతయందే పరీక్షిస్తున్నది.

కాథలిక్ మార్గమంతా ఈ దోషంతో నిండినదని ఎవరైనా నా మాటలకు అర్థం తీస్తే అది అన్యాయం. ఆ సంప్రదాయంలోనే దీనికి ప్రతివాదం ఉన్నది. రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన ప్రచారధర్మ శాసనం, పరదేశానికి వెళ్ళేవాడు అక్కడి భాషను, చరిత్రను, ఆచారాలను నేర్వవలెనని విధించింది. బెల్జియం దేశస్థుడైన డేమియన్ 1873లో హవాయి ద్వీపాలలోని మొలొకాయి కుష్ఠరోగుల నివాసానికి వెళ్ళి, తానూ ఆ రోగానికి గురియై, 1889లో అక్కడే మరణించాడు. మన అనంతపురానికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌ను తెలుగువారికి పరిచయం చేయనక్కరలేదు. బార్సిలోనాలో పుట్టి, జెసూట్ సభ్యుడుగా 1952లో భారతదేశానికి వచ్చి, 1968లో దేశం విడిచి పొమ్మని ఆజ్ఞ పొంది, 1969లో తిరిగి వచ్చి కరవుసీమలో స్థిరపడ్డాడు. మరుసటి ఏడు జెసూట్ సంఘాన్నే విడిచిపెట్టాడు. 2009లో మరణించేవరకు అనంతపురం జిల్లానే తన కార్యక్షేత్రంగా నిలుపుకున్నాడు. వీరిరువురూ తిరుగుప్రయాణపు టిక్కెట్టు పెట్టుకొని వచ్చినవారు కారు. ఉండిపోయినవాడు తన తప్పుల ఫలితాన్ని తానే చూడవలసి వస్తుంది. వెళ్ళిపోయేవాడికి ఆ శిక్షణ దొరకదు.

ఇంతవరకు చదివి సంతోషించిన హిందూ పాఠకుడు ఒక క్షణం ఆగవలెను. పుట్టినరోజునాడు అనాథాశ్రమానికి కేకుతో వెళ్ళి, పిల్లలను వరుసగా నిలబెట్టి పాట పాడించి, ఛాయాచిత్రం తీయించుకొని వచ్చేది ఎవరు? అమెరికా నుండి సెలవులకు వచ్చిన బిడ్డకు మన దేశపు కష్టం తెలియాలని వృద్ధాశ్రమానికి తీసుకొనిపోయి చూపించేది ఎవరు? అక్కడి వృద్ధుడు పాఠ్యపుస్తకమా? జీవునియందు శివుని దర్శించమన్న సిద్ధాంతాన్ని వల్లించే మనము, గర్భగుడిలోనికి చెప్పులతో వెళ్ళము గాని, నిస్సహాయుని గదిలోనికి కెమెరాతో వెళ్తున్నాము. పరమతస్థుని ఫలాపేక్ష దోషమైతే మన ఫలాపేక్ష పుణ్యం కాజాలదు.

కనుక సేవకు బయలుదేరే ప్రతివానినీ, అతడు ఏ మతస్థుడైనా, నాలుగు ప్రశ్నలు అడగవలసి ఉన్నది. అక్కడివారు నిన్ను పిలిచారా? వారి భాష నీకు వచ్చునా? వారికి కావలసిన విద్య నీయందు ఉన్నదా? నీవు వెళ్ళిపోయిన మరునాడు ఆ పని ఎవరు చేస్తారు? వీటికి సమాధానం లేనివాడు యాత్రకయ్యే ధనాన్ని అక్కడనే పుట్టి పెరిగిన ఒక నర్సు జీతానికి పంపడం ఉత్తమం. ఆమెకు రోగి భాష తెలుసు, రోగికి ఆమె పేరు తెలుస్తుంది, వచ్చే నెల కూడా ఆమె అక్కడే ఉంటుంది.