ఆడమంటున్నారు సరే, ఎవరి ఆట?

2019 ఆగస్టు 29న ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియంలో 'ఫిట్ ఇండియా' ఉద్యమాన్ని ప్రధాని ప్రారంభించారు. అప్పటి నుంచి ఒళ్లు వంచడం కూడా దేశభక్తి అయింది. 2025 జూన్‌లో కేరళ ప్రభుత్వం బడుల్లో జుంబా మొదలుపెడితే పెద్ద రగడ జరిగింది. ఆ బట్టలేమిటి, ఆడా మగా కలిసి గంతులేమిటి అన్నారు. ఆడే పిల్ల పొద్దున ఏం తిని బడికి వచ్చింది అన్న ప్రశ్న మాత్రం ఆ రగడలో వినపడలేదు.

నాట్యం ఆరోగ్యానికి మంచిదే. అందులో వాదన లేదు. స్వీడన్‌లో మానసిక ఒత్తిడితో బాధపడుతున్న 13 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలు 112 మందిపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. వారానికి రెండుసార్లు, ఎనిమిది నెలలు ఆడిన పిల్లలు తమ ఆరోగ్యం మెరుగైందని చెప్పారు. అక్కడ పోటీలు లేవు, ప్రదర్శనలు లేవు, ఆనందం కోసమే ఆడారు. అమెరికాలోని ఓక్లాండ్‌లో పేద నల్లజాతి బాలికలకు నాట్య తరగతులు పెడితే బరువులో తేడా రాలేదు కానీ కొలెస్ట్రాల్, దిగులు తగ్గాయి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో మాత్రం 18 బడులతో చేసిన అధ్యయనంలో, సగం బడుల్లో 20 వారాలు నేర్పినా పిల్లల శారీరక శ్రమ పెరగలేదు. నాట్యం మంత్రం కాదు. ఎక్కడ, ఎవరితో, ఏ పరిస్థితుల్లో ఆడిస్తున్నామన్న దాన్నిబట్టే ఫలితం ఉంటుంది.

మన పరిస్థితులేమిటి? 'ఆడపిల్లలు కదలడం లేదు' అనేది ఢిల్లీ సదస్సుల్లో తరచూ వినే మాట. 2019లో లాన్సెట్ పత్రికల్లో వచ్చిన 146 దేశాల అధ్యయనం ప్రకారం 11-17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. భారత్, బంగ్లాదేశ్ ఆడపిల్లల పరిస్థితి చాలా దేశాల కంటే కాస్త నయమట. కారణం ఏమై ఉండొచ్చో ఆ పరిశోధకులే చెప్పారు: ఇంటిచాకిరీ! అంట్లు తోమడం, నీళ్లు మోయడం, తమ్ముణ్ణి చంకనేసుకోవడం 'ఫిట్‌నెస్' లెక్కలో చేరిపోయాయి. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు దానికే పోతాయి. మగవాళ్లకు 97. మన పిల్లలకు కదలిక కరువు కాలేదు. తమ కోసం తాము కదిలే గంటే కరువైంది.

ఇక రక్తం సంగతి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు సర్వేలో అది 54 శాతం. తెలంగాణలో దాదాపు 65. రక్తంలో హిమోగ్లోబిన్ లేని పిల్ల రెండు చరణాలు ఆడేసరికి ఆయాసపడుతుంది. దానికి మందు ఇంకో చరణం కాదు. పైగా కేంద్ర మధ్యాహ్న భోజన పథకం 8వ తరగతితో ఆగిపోతుంది. సరిగ్గా నెలసరి మొదలై, ఇనుము ఎక్కువ అవసరమయ్యే వయసులో పళ్లెం లాగేసుకుంటారు. అంతకు ముందైనా చాలా రాష్ట్రాల్లో శాకాహార రాజకీయం పళ్లెంలోకి గుడ్డును రానివ్వదు. తిండి దగ్గర కులాన్ని కాపాడుకుంటూ ఆరోగ్యం కోసం ఆడమనడం ఏం నీతి?

అసలు ఏ ఆట ఆడమంటున్నారు? తెలుగు నేల మీద ఆడదాని ఆటకు కుల చరిత్ర ఉంది. 1947 మద్రాసు దేవదాసీ చట్టం అంకితాలను నిషేధించింది. నిషేధం అవసరమే. కానీ కళావంతుల స్త్రీల విద్య 'సానిమేళం' అనే తిట్టుగా మిగిలింది. బ్రాహ్మణ పురుషుల కూచిపూడి మాత్రం 1958 ఢిల్లీ నాట్య సదస్సు, 1959 హైదరాబాద్ సదస్సుల మీదుగా శాస్త్రీయ నాట్యమై, పెద్దింటి అమ్మాయిల చదువులో భాగమైంది. జోగిని పేరుతో దళిత ఆడపిల్లల్ని జాతరల్లో ఆడించడాన్ని నిషేధించడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1988 దాకా ప్రత్యేక చట్టం రాలేదు. ఒక ఇంట్లో నాట్యం సంస్కారం, ఇంకో ఇంట్లో అదే గాయం. బిడ్డను ఆడనివ్వడానికి జంకే దళిత తల్లిని 'అవగాహన లేదు' అని తీసిపారేసే ఆరోగ్య నిపుణులకు ఈ చరిత్ర తెలియాలి.

మనలోనే కొందరు అడుగుతారు: బాబాసాహెబ్ 1936 జూన్‌లో బొంబాయి దామోదర్ హాలులో జోగినులను, మురళీలను, దేవదాసీలను ఆ బతుకు వదిలేయమన్నాడు కదా, మళ్లీ ఆటలెందుకు, డప్పులెందుకు అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆయన వదిలేయమన్నది బలవంతపు బతుకును, శరీరం మీద ఊరి హక్కును. పిల్ల తన ఒంటి మీద తన హక్కుతో ఆడటాన్ని కాదు. శవం ముందు కట్టుబానిసగా మోగిన డప్పే 1994లో మొదలైన దండోరా ఉద్యమంలో హక్కుల గొంతైంది. అయితే ఒక షరతు. డప్పు దరువును దళిత పిల్లలకే అప్పగిస్తే అది పాత కులవృత్తే. రెడ్డి, బ్రాహ్మణ పిల్లలు కూడా ఆ దరువుకు అడుగు వేయాలి, దాన్ని పాఠంగా నేర్చుకోవాలి.

పిల్లల శరీరాల్లో లోపం లేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థిని, గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, 14 ఏళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. తిండి, శిక్షణ, నమ్మకం అందితే ఏమవుతుందో అక్కడ తేలిపోయింది.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టం. మధ్యాహ్న భోజనం 12వ తరగతి దాకా గుడ్డుతో సహా ఇవ్వాలి. ఆట గంట బడి వేళల్లోనే, టైంటేబుల్లోనే ఉండాలి. సాయంత్రానికి తోస్తే ఆ సమయాన్ని ఇంటిచాకిరీ మింగేస్తుంది. డప్పు, లంబాడీ, ధింసా ఆటలను ఆ సమూహాల కళాకారులే నేర్పాలి, వాళ్లకు టీచర్ హోదా, జీతం ఉండాలి. ఆడనన్న పిల్లను బలవంతపెట్టకూడదు. ఇవేవీ లేకుండా పాట పెట్టి ఫొటోలు తీసుకుంటే అది ఆరోగ్య కార్యక్రమం కాదు, మన పిల్లల ఆకలి మీద ప్రభుత్వం ఆడే ఆట.

జై భీమ్.