పోలీసు ఉద్యోగి ద్వేషసంఘమున సభ్యుడు కావచ్చునా?

పౌరుడు తనకు నచ్చిన సంఘమున చేరవచ్చునని మన రాజ్యాంగము 19వ అధికరణమున హామీ ఇచ్చినది. ఆ రాజ్యాంగమే 33వ అధికరణమున, శాంతిభద్రతలను కాపాడు బలగముల విషయమున ఆ హక్కును కుదించు అధికారమును పార్లమెంటునకు ఒసగినది. పరమతమును గాని, పరకులమును గాని ద్వేషింపుమని బోధించు సంఘమున పోలీసు ఉద్యోగి సభ్యుడుగా ఉండవచ్చునా? ఉండరాదని మా అభిప్రాయము. అయితే ఆ నిషేధము ఎట్లుండవలెనన్నదే అసలు విచారింపదగిన విషయము.

మన భవానీపురమునే తీసికొందము. దసరా దినములలో ఇంద్రకీలాద్రికి పోవు భక్తులకు దారి చూపువాడును, కృష్ణ ఒడ్డున స్నానఘట్టముల వద్ద కాపలా ఉండువాడును, ఈద్ నమాజు నాడు రాకపోకలను చక్కబెట్టువాడును ఆ కానిస్టేబులే. అతడు ఇంటిలో ఏ దేవుని కొలుచునో మనము అడుగము, అడుగరాదు. కాని ఒక రాత్రి వీధిలో కలహము పుట్టి, ఒక తల్లి తన కుమారుని కొరకు ఠాణా మెట్లెక్కినప్పుడు, ఆమె పేరు వినగానే అతని మనసు మారదను నమ్మకము ఆమెకు ఉండవలెను. అది లేనినాడు ఆమె ఠాణాకే పోదు.

ఆ నమ్మకము ఎట్లు పోవునో చరిత్ర చెప్పుచున్నది. 1987 మే 22న మీరట్ నగరపు హాషింపురా వాడనుండి ముస్లిములను ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసులు లారీలో తీసికొనిపోయి కాల్చివేసిరి. 16 మందికి ఢిల్లీ హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించునప్పటికి 2018 అక్టోబరు వచ్చినది. అనగా 31 సంవత్సరములు. అయితే నాడు కేసు నమోదు చేయించిన ఘజియాబాద్ పోలీసు సూపరింటెండెంటు విభూతి నారాయణ్ రాయ్ కూడ ఖాకీ ధరించినవారే. కావున మా వాదము పోలీసులపై కాదు, అట్టివారి పక్షమున.

మన డెల్టాలో ద్వేషమునకు మతము పేరైనను అక్కరలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులు ఊచకోతకు గురియైనప్పుడు పోలీసుల నడవడిపై తీవ్ర విమర్శలు వచ్చినవి. కులసంఘము మాట ఠాణాలో చెల్లునను అనుమానము కూడ ఇట్టి నమ్మకమునే చంపును.

మరి చట్టమేమనుచున్నది? 1966 నాటి పోలీసు బలగముల హక్కుల పరిమితి చట్టము ప్రకారము, అనుమతి లేనిదే పోలీసు ఉద్యోగి కార్మిక సంఘమునగాని, రాజకీయ సంఘమునగాని చేరరాదు. కాని కేవలము సాంఘికమైన, వినోదాత్మకమైన, మతసంబంధమైన సంఘములకు ఈ నిషేధము లేదు. ఏది అట్టి సంఘమన్న ప్రశ్న వచ్చినచో కేంద్ర ప్రభుత్వ నిర్ణయమే తుది నిర్ణయము. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. జీతము పెంచుమని సంఘము పెట్టుకొన్న కానిస్టేబులు నేరస్థుడగును. పొరుగువానిని వెలివేయుమను సంఘము తన పేరులో సేవ అనియో, ధర్మమనియో చేర్చుకొన్నచో, దాని సభ్యుడు తప్పించుకొనగలడు.

సంఘముల జాబితా వ్రాసిన చాలునందురా? 1966 నవంబరున కేంద్ర ప్రభుత్వము తన ఉద్యోగులు ఆర్.ఎస్.ఎస్., జమాతే ఇస్లామీ సంస్థల కార్యకలాపములలో పాల్గొనరాదని ఉత్తర్వు చేసినది. 2024 జులై 9న ఆ ఉత్తర్వులనుండి ఆర్.ఎస్.ఎస్. పేరును తొలగించినది. ఈ రెండింటిలో ఏది సబబన్నది ఇచ్చట మా విచారణ కాదు. ప్రభుత్వము మారిన జాబితా మారునన్నదే మేము గ్రహింపవలసిన పాఠము. పేరునుబట్టి కాక ప్రమాణమునుబట్టి, పనినిబట్టి తీర్పు చేయవలెను. అన్యుల అంగడిలో కొనవద్దనియు, వారికి ఇల్లు అద్దెకు ఇయ్యవద్దనియు, వారిపై చేయి చేసికొనుమనియు సభ్యునకు నేర్పు సంఘమేదైనను పోలీసు ఉద్యోగికి వర్జ్యము కావలెను.

ఇతర దేశములలో ఇట్టి నియమము కలదు. ఇంగ్లండు, వేల్సులందు 2004లో పోలీసు ఉద్యోగులు బ్రిటిష్ నేషనల్ పార్టీలో చేరుట నిషేధింపబడినది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున కు క్లక్స్ క్లాన్‌కు చెందిన సంఘమున చేరిన పోలీసును కొలువునుండి తొలగించుట న్యాయమేయని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2009లో తీర్పు చెప్పినది.

అయితే ఈ నియమము పగ తీర్చుకొను సాధనము కారాదు. పూర్వము ఆర్.ఎస్.ఎస్., జనసంఘ్ కార్యక్రమములలో పాల్గొన్నాడను పోలీసు నివేదికపై తొలగింపబడిన మధ్యప్రదేశ్ ఉపాధ్యాయుని కేసులో, అట్టి గతము ఉద్యోగమునకు అడ్డు కారాదని 1983లో తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. అది ఉపాధ్యాయుని కేసే అయినను అందలి న్యాయము విస్మరింపరానిది. విద్యార్థి దశలో ఎవడో పిలువగా ఒక సభకు పోయినవానిని జీవితాంతము శిక్షింపరాదు. విడిచిపెట్టుటకు అవకాశమీయవలెను, చెప్పుకొనుటకు విచారణ జరుపవలెను, కారణములు వ్రాతపూర్వకముగ తెలుపవలెను. అప్పటికిని విడువనివాడు ఖాకీని విడువవలెను.

విద్యార్థి మిత్రులారా! మనము కోరు ఇన్సాఫ్ మనకును వర్తింపవలెను. మన మతము పేరుతో ద్వేషము బోధించు సంఘమున ఒక ముస్లిము కానిస్టేబులు చేరినను నియమమొక్కటే. మన వారికొకటి, పెరవారికొకటి అన్నచో మన మాటకు విలువ ఉండదు. మీలో కొందరు రేపు కానిస్టేబులు, సబ్ ఇన్‌స్పెక్టరు పరీక్షలు వ్రాయగలరు; తప్పక వ్రాయుడు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపమొక్కటి: ఆ పరీక్షలకు సిద్ధపడు విద్యార్థులకు దేహదారుఢ్యముతోపాటు 33వ అధికరణమును, 1966 నాటి చట్టమును కూడ బోధించు ఏర్పాటు చేయుదురుగాక. తాము ఏ హక్కును వదలుకొని ఆ దుస్తులు ధరించుచున్నారో, ఎందుకు వదలుకొనుచున్నారో వారికి ముందుగనే తెలిసియుండుట మేలు.