ఈలలూ అరుపులూ కోసెయ్యకండి

పాటకి కులమేటి, పాట అందరిదీ అంటారు. ఆ మాట అనేవాళ్ళెవరో ఒకసారి చూడండి. గొంతు మనది. మైకు వాళ్ళది, రికార్డు వాళ్ళది, అట్టమీద పేరు వాళ్ళది. అన్నీ వాళ్ళవయ్యాక పాట అందరిదీ అయిపోద్ది.

ఈ పక్షం మేం ఒక పాత రికార్డు గురించి రాస్తున్నాం. 1970 సెప్టెంబరు 10న అమెరికాలో షికాగో నగరం కుక్ కౌంటీ జైల్లో బి.బి. కింగ్ అనే నల్లజాతి గాయకుడు ఖైదీల ముందు పాడిన పాటలవి. పూండి స్టేషన్లో దిగి పేటలోకొచ్చేవాడికి షికాగో జైలు ఎందుకంటారేమో. 1873లో ఫూలే తన 'గులాంగిరి'ని అంకితమిచ్చింది నల్లవాళ్ళ బానిస సంకెళ్ళు తెంచిన అమెరికా జనానికి. 1972లో బొంబాయి దళిత కుర్రోళ్ళు పాంథర్స్ అని పేరెట్టుకున్నది అక్కడి బ్లాక్ పాంథర్స్‌ని చూసి. ఈ చుట్టరికం మేం కొత్తగా కలిపింది కాదు.

కింగ్ 1925లో మిసిసిపీ పత్తిచేలల్లో పుట్టాడు. దొర భూమిలో పాలుకి చేసి, పంట చివర్న లెక్క చూస్తే అప్పే మిగిలే బతుకు. మన కంబారి తాతలకి తెలీని బతుకేం కాదు. ఆ చేలల్లో పుట్టిన పాటనే బ్లూస్ అంటారు. దిగులుపాట అనుకోండి. కాని ఒట్టి ఏడుపు కాదు, అందులో ఎకసెక్కం వుంది, దొరకి అర్థంకాని తిట్టూ వుంది. అక్కడి పేదపిల్లలు చీపురు కట్టిన తీగ ఊడదీసి, ఇంటి గోడకి మేకులు కొట్టి బిగించి, ఆ ఒంటి తీగమీదే వాయించడం నేర్చుకునేవారు. మన జముకుదీ ఒంటి తీగే గదా. తోలు మధ్యలోంచి లాగిన ఆ తీగని బిగిస్తూ వదుల్తూ మీటితే మనిషి మూలిగినట్టే వుంటది.

ఇక ఆ రికార్డు. పాటకి ముందు వేదికమీద మాట్లాడే ఆవిడ ఆ జిల్లా పోలీసు పెద్ద షెరీఫు పేరు చెబుతుంది. తర్వాత క్రిమినల్ కోర్టు పెద్ద జడ్జి పేరు చెబుతుంది. రెండువేల పైచిలుకు ఖైదీలు ఒక్కసారిగా వెక్కిరింపు కేకలు పెడతారు. తుపాకులు పట్టుకున్న కాపలా మధ్యన! ఆ కేకల్ని ఎవరూ కొయ్యలేదు. 1971లో రికార్డు బయటికొస్తే పాటలతోపాటు అవీ వచ్చాయి. ఇప్పటికీ వినొచ్చు.

మాకు కింగ్ గిటారు కంటే ఆ కేకలే ఎక్కువ నచ్చాయి. ఎందుకరిచారు వాళ్ళు? లోపలున్నోళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు. చాలామందికి నేరమే రుజువు కాలేదు. బెయిలు డబ్బుల్లేక విచారణ కోసం నెలల తరబడి కూర్చున్నోళ్ళు. మన దేశం సంగతి చూద్దామా? 2022 లెక్కల ప్రకారం జైళ్ళలో వున్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్ళలో మన పేటలవాళ్ళు ఎంతమందో జైలు గోడలకి తెలుసు. (కింగ్‌ని పిలిచిన జైలు అధికారి విన్‌స్టన్ మూర్ కూడా నల్లవాడే. కుర్చీ దొరికిన మన ఆఫీసర్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.)

అక్కడ అన్నీ న్యాయంగా జరిగాయని మేం అనం. 1933లో లూసియానా జైల్లో లెడ్‌బెల్లీ అనే నల్ల ఖైదీ పాటల్ని జాన్ లోమాక్స్ అనే తెల్లాయన మిషను తెచ్చి రికార్డు చేశాడు. మంచి పనే. కాని 'గుడ్‌నైట్ ఐరీన్' పాట హక్కుల్లో లోమాక్స్ పేరూ చేరిపోయింది. లెడ్‌బెల్లీ 1949 డిసెంబరులో పోయాడు. మరుసటేడు అదే పాట తెల్ల గాయకుల నోట దేశమంతా మారుమోగింది. పాడినోడు మట్టిలో, పాట బజార్లో.

ఇప్పుడు మన ఉద్దానం. బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథని ఉద్యమంలోకి తెచ్చాడు. 1969 డిసెంబరు 22న పోలీసులు ఆయన్ని చంపేశారు. ఆయన పేరు నిలిచింది, నిలవాల. మరి ఆయనకంటే ముందు తరతరాలుగా జముకు మోసినోళ్ళ పేర్లేవి? 2020లో 'పలాస 1978' సినిమా వచ్చింది. పేట ఆటగాళ్ళ కథ తెరమీద చూసి మేమూ ఈలలేశాం. ఆ కథ తీసినందుకు కరుణకుమార్‌ని మెచ్చుకుంటాం. కాని 'నక్కిలీసు గొలుసు' పాట సెల్లుల్లో మోగుతుంటే, ఇన్నేళ్ళూ దీన్ని నోట్లో దాచిన మనిషెవరని అడిగినోళ్ళు ఎంతమంది?

వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దరన్న 2023 ఆగస్టు 6న వెళ్ళిపోయారు. వాళ్ళ గొంతులు కేసెట్లలో వున్నాయి, సంతోషం. పేటలో పాడే తాతకి కేసెట్టూ లేదు. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని నరికి చంపాక సభల్లో మనోళ్ళు గొంతులు చించుకుని పాడారు. ఆ గొంతులు ఎవరి దగ్గరున్నాయి? ఇక్కడ కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ తిరుగుతోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరితోటల్నే కాదు, ఇంటి కప్పుల్నీ ఎత్తుకుపోయింది. ఇలాంటి చోట పాటని మనిషి ఛాతీలోనే ఒగ్గేసి కూర్చుంటే ఎలాగ?

అకాడమీలొస్తాయని చూడొద్దు. చేతిలో సెల్లుంది. వచ్చే ఏప్రిల్ 14న ప్రతి పేటలో ఒక కుర్రోడో, ఒక అమ్మాయో ఆ పని పట్టుకోవాల. ముందు పాడే మనిషి తన పేరు, పేట పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ తన నోటితోనే చెప్పాల. జముకు పట్టినోడి పేరు, డప్పు కొట్టినోడి పేరు కూడా. ఒక నకలు పాడిన వాళ్ళింట్లో వుండాల, ఇంకోటి సంఘం దగ్గర వుండాల. మధ్యలో ఎవరైనా లేచి సర్పంచినో ఎస్సైనో తిడితే, తర్వాత శుభ్రం చేస్తామని అది మాత్రం తీసెయ్యకండి.