తరగతిగది తలుపు

నియమము, దస్త్రము, పదవీక్రమము అను వీనిపై నిలిచిన కార్యాలయము పనిని నిర్దుష్టముగా సాగించునని జర్మను పండితుడు మాక్స్ వెబర్ (మరణము 1920) తలంచెను. ఆ నమ్మకమును 1977లో జాన్ మేయర్, బ్రయన్ రోవన్ అను అమెరికా సమాజశాస్త్రజ్ఞులు కదలించిరి. సంస్థ నిబంధనలను పెంచుకొనుట పని బాగుపడుటకే కాదు, లోకము మెచ్చుటకును, కొంతవరకది తంతు. కాగితమునకును పనికిని ఎడముండుట అందుచేతనే.

మరుసటి యేట వారు బడిని గూర్చి వ్రాసిరి. అమెరికా విద్యాధికారులు ఉపాధ్యాయుని అర్హతాపత్రమును, బాలుని తరగతిని నిశితముగా చూతురట. తలుపు మూసిన పిమ్మట జరుగు బోధనను మాత్రము అరుదుగా చూతురట. అచట తనిఖీకి బదులు నమ్మకము నిలుచును. (మన పంతుళ్లు సిద్ధాంతమక్కరలేకయే ఎరిగిన సంగతి!)

ఈ ఎడము అలసత్వమనియు, బిగించినచో బడి బాగుపడుననియు వాదించువారు కలరు. అందు కొంత నిజము లేకపోలేదు. మూసిన తలుపు సోమరికిని నీడయే. కాని 2010లో టిమ్ హాలెట్ ప్రకటించిన పరిశీలనను వారు చదువవలెను. అమెరికాలో ఒక నగర ప్రాథమిక పాఠశాలకు క్రొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయురాలు జవాబుదారీ నియమములను బోధనకు గట్టిగా ముడివేసెను. ఉపాధ్యాయులకు తమ పనిపై ఉండిన నిశ్చయము సడలెను, బడి కలతలపాలయ్యెను.

పాఠము పిల్లవాని ముఖము చూచి దారి మార్చుకొనును. ముందు వ్రాసియుంచిన ప్రణాళిక మార్చుకొనదు. ప్రక్కగది ఉపాధ్యాయుడు వచ్చి వెనుక బల్లపై కూర్చుండి పాఠము వినుట వేరు, అధికారి వచ్చి పట్టికలో గళ్లు నింపుట వేరు. మొదటిదానికి విద్యాశాఖ వారమునకొక గంట కేటాయించినచో రెండవదానిలో సగము మానవచ్చును.