చిన్ననాటి ఈతను నమ్మి కాలువలో దూకితే ఎట్లా?

తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లు వదిలారంటే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో గట్ల మీద సందడి మొదలవుతుంది. పిల్లల సంగతి అటుంచితే, నలభై ఏళ్లు పైబడినవారు సైతం పందెం వేసుకుని దూకుతుంటారు. కపిల బావుల్లో బెండ్లు కట్టుకుని నేర్చిన ఈత మరపురాదన్న ధీమా వీరిది. నిజమే, చేతులు మరిచిపోవు. కానీ ఇరవై ఏళ్లుగా మోటారు సైకిలు దిగని మనిషికి ఆనాటి దమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?

గట్టున నలుగురు చూస్తున్నారని మొదటి ఇరవై బారలు విసురుగా వేయడంతోనే చేటు మొదలవుతుంది. బావిలో అయితే నాలుగు బారలకే అవతలి మెట్టు అందేది. ఇక్కడ అందదు. కాళ్లు ఎడాపెడా కొట్టేసరికి తొడల కండరాలే ఊపిరినంతా తినేస్తాయి. గాలి కోసం తల పైకెత్తితే నడుము మునుగుతుంది, ఈత ఇంకా బరువవుతుంది. అసలు చిక్కు గాలి పీల్చడంలో కన్నా వదలడంలోనే ఉంది. ముఖం నీళ్లలో ఉండగానే ఊపిరి బుడగలుగా వదిలేసి, పక్కకు తిరిగినప్పుడు పీల్చుకోవాలి. బిగబట్టినవారికి ఆయాసం త్వరగా వస్తుంది.

ప్రపంచ వీరులే దూరానికి వేగం తగ్గించుకుంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ రికార్డు 46.40 సెకన్లు. అక్కడే 1500 మీటర్ల రికార్డు నెలకొల్పిన బాబీ ఫింకె ప్రతి 100 మీటర్లకు సగటున 58 సెకన్లు తీసుకున్నాడు. మన తెలుగు మహిళ గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో పాక్ జలసంధిని ఈదారు. సుమారు 30 కిలోమీటర్లకు 13 గంటల 43 నిమిషాలు పట్టింది. అంటే గంటకు రెండు కిలోమీటర్ల పైచిలుకు. చేనికి నడిచిపోయే రైతు ఇంతకు రెట్టింపు వేగంతో పోతాడు! నిదానమే ఆమెను ఒడ్డు చేర్చింది.

మళ్లీ మొదలుపెట్టేవారు పారే నీళ్లను వదిలి, మెట్లున్న నిలకడ నీటిలో, లోతు తెలిసినచోట, గట్టున తాడుతో ఒక మనిషిని ఉంచుకుని దిగాలి. పాతిక మీటర్లు ఈది, ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి. ఆగినప్పుడు రెండు మాటలు పలకలేకపోతే వేగం ఎక్కువైనట్లే. వారానికి మూడు రోజులు, మొదట ఆరేడు విడతలు చాలు. తరువాత విడతలు పెంచుతూ, మధ్య విరామం తగ్గించాలి. చివరి విడత మొదటి దానికన్నా నెమ్మదిస్తే దూరం పెంచే రోజు ఇంకా రాలేదన్నమాట. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు ముందే డాక్టరుకు చూపించుకోవాలి. మందు తాగి దిగేవారికి ఏ శిక్షణా అక్కరకు రాదు.

ఇంత చెప్పినా దూకేవారు దూకుతారు. కాలువకు సిమెంటు వేసినచోట వాలు నాచు పట్టి జారుతుంది, అలసినవారు పైకి రాలేరు. కనీసం ఊళ్ల దగ్గర బట్టలుతికే రేవుల్లోనైనా మెట్లు కట్టించి, పట్టుకోవడానికి ఇనుప గొలుసులు వేయించే పని జలవనరుల శాఖ అధికారులు వచ్చే నీటి విడుదలకు ముందే పూర్తి చేయాలి.