కరబంధం: తాడు కొత్తది, మాట పాతది

పాశ్చాత్యుల పెళ్ళిళ్ళలో ఇటీవలి దశాబ్దాలలో తరచు కనబడుతున్న తంతు ఒకటి ఉన్నది. వధూవరులు చేతులు కలిపి నిలుచుంటారు. పెళ్ళి జరిపించేవారు ఆ చేతుల చుట్టూ రంగురంగుల తాళ్ళు చుట్టి ముడి వేస్తారు. దీనిని ‘హ్యాండ్‌ఫాస్టింగ్’ అంటారు. మనం కరబంధం అనుకోవచ్చును. ఇది అనాదిగా వస్తున్న కెల్టిక్ ఆచారమనీ, ఆ ప్రాచీనులు ఒక ఏడాదీ ఒక రోజూ కాపురం చేసి, పొసగకపోతే ఎవరి దారిన వారు పోయేవారనీ చెబుతారు.

వినడానికి ఇంపుగానే ఉన్నది గాని, విచారణకు నిలువదు.

మొదట పేరునే చూడండి. ఆ మాట కెల్టిక్ భాషలది కాదు. చేతులు కలిపి ఒప్పందం స్థిరపరచుకోవడమనే అర్థంలో ప్రాచీన నార్స్ భాషలో ఉన్న పదానికి చెందినది. మనవారు చేతిలో చేయి వేసి మాట ఇవ్వడం వంటిదే. మధ్యయుగాల ఇంగ్లండులోను, స్కాట్లండులోను అది ప్రధానంగా వివాహ నిశ్చయానికి పేరు. నేడు మనం చూస్తున్న తాళ్ళ తంతు ఇరవయ్యవ శతాబ్దపు నవ్య పేగన్ మతస్థుల వల్ల వ్యాప్తిలోకి వచ్చినది. ఏడాది కాపురం కథను 1772 నాటి స్కాట్లండు యాత్రలో థామస్ పెన్నంట్ నమోదు చేశాడు. 1820లో వాల్టర్ స్కాట్ తన ‘ది మొనాస్టరీ’ నవలలో వాడుకొని ఊరూరా పాకించాడు. ఏ.ఈ. ఆంటన్ అనే న్యాయశాస్త్ర పండితుడు 1958లో ఆధారాలు పరిశీలించి, అది అపోహయే అని వాదించాడు.

అసలు చరిత్ర ఇంతకంటె ఆసక్తికరమైనది. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి కనుక నాకు మరీ రుచించినది. మధ్యయుగపు చర్చి న్యాయం ప్రకారం పెళ్ళికి ప్రాణం ఉభయుల సమ్మతి. ‘నిన్ను భార్యగా స్వీకరించగలను’ అంటే నిశ్చితార్థం. ‘స్వీకరిస్తున్నాను’ అంటే ఆ క్షణంలోనే పెళ్ళి. పురోహితుడు లేకున్నా, సాక్షులు లేకున్నా చెల్లేది. క్రియాపదపు కాలం మీద ఒక ఆడపిల్ల బ్రతుకు ఆధారపడి ఉండేదన్నమాట!

చిక్కంతా అక్కడే. ఏకాంతంలో మాట ఇచ్చినవాడు రేపు బుకాయిస్తే ఆమెకు దిక్కెవరు? అందుకే 1563లో ట్రెంట్ మహాసభ కాథలిక్కుల పెళ్ళికి మతాచార్యుడూ సాక్షులూ ఉండాలన్నది. 1753 నాటి చట్టం ఇంగ్లండులో రహస్య వివాహాలకు అడ్డుకట్ట వేసింది. స్కాట్లండులో మాత్రం పాత పద్ధతి చెల్లుతూనే ఉండడంతో, ఆంగ్ల ప్రేమికులు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్‌కు పరుగెత్తేవారు. 1939 నాటి చట్టం 1940లో అమలులోకి వచ్చాక అక్కడా వట్టి మాటతో జరిగే పెళ్ళికి కాలం చెల్లింది.

ఇక మనవారిలో కొందరు, ‘ఇదంతా మన పాణిగ్రహణమే, అక్కడికి పోయింది’ అంటూ ఉంటారు. వారికి కెల్టిక్ ప్రాచీనత ఎంత సులభమో, వీరికి వైదిక మూలం అంత సులభం. పాణిగ్రహణంలో వరుడు వధువు చేయి పట్టుకొంటాడు; కొంగులకు వేసే బ్రహ్మముడి వేరొక తంతు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపరాదు. నమ్మకానికి చేయి చాచడం ఏ జాతీ మరొక జాతికి నేర్పనక్కరలేదు.

అంతమాత్రాన తాళ్ళు చుట్టుకొనేవారిని ఎగతాళి చేయను. కొత్త తంతు కూడా మనస్ఫూర్తిగా చేస్తే పవిత్రమే. నా అభ్యంతరమల్లా దానికి లేని వయస్సు అంటగట్టడం మీదనే. ఆ కల్పిత కథ చాటున, మాట నమ్మి మోసపోయి, సాక్ష్యం చూపలేక నిలిచిపోయిన స్త్రీల నిజమైన కథ మరుగున పడుతున్నది. చట్టం సాక్షులనూ సంతకాలనూ కోరడం వట్టి తతంగం కాదు. అది వారి కన్నీటి ఫలం.

కాబట్టి నిక్షేపంగా ముడి వేసుకోండి. తాడు పాతదని మాత్రం చెప్పకండి. పాతది మాట, దానికి కట్టుబడడం ప్రతి జంటకూ కొత్తదే.