రెండవ ప్రశ్న

1950లో దక్కన్ రేడియో ఆకాశవాణిలో విలీనమైన నాటినుండి హైదరాబాదు శ్రోతలు నాయకుల ఇంటర్వ్యూలు వినుచునే యున్నారు. సమాధానములకు కొరత లేదు, కొరత ప్రశ్నలకే. 2025 నవంబరులో జరిగిన జూబిలీహిల్స్ ఉపఎన్నికకు ఓటర్లలో సగముమందియైనను రాలేదు. ఉపన్యాసములు కరవై కాదు. అడిగినదానికి బదులు వచ్చునను నమ్మకము సన్నగిల్లియే కావచ్చును. ఫిలింనగరులో మేడలును బస్తీలును ఇరుగుపొరుగులు. ఆ బస్తీల మురుగుకాలువ ఎప్పటికి, ఎంత వ్యయముతో పూర్తియగునని నాయకుని అడుగవలెను. బదులు దాటవేసినచో అదే ప్రశ్న మరల వేయవలెను. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములకు సొంతముగా వార్తలు ప్రసారముచేయు అనుమతి లేదు గనుక ఈ బాధ్యత ముఖ్యముగా ఆకాశవాణిదే. ఒకరు వ్రాసిన సంభాషణను వేరొకరు పలుకుట సినిమాలో కళ. రేడియో ఇంటర్వ్యూలో అది శ్రోతలను వంచించుటయే.